పదిహేడో నంబరు

ఆ కోవా డబ్బా ఆడ పెట్టులే, తినేది ఎప్పుడైనా తినొచ్చు. ముందు నాకు ఒగ మాట చెప్పు సుజనా. పదిహేడో నంబరు ఎవురిదే?

అట్ల మిటకరించి సూడొద్దు. నీ పేపరు చివర్న రెఫరెన్సుల పట్టీ ఉండాది గదా, అందులో పదిహేడు. ఎవురిది?

సరే, నేనే చెప్తా. నువ్వు పత్రికకి పంపించేటప్పుడు అది నాది. మెహరాజ్ బేగం, చిత్తూరు. ఇప్పుడు సూస్తే అది ఎవురో ఉత్తరాది ఆయనది. స్టీలు సామాన్ల మార్కెట్టు మీద రాసినాడంట మహానుభావుడు. నా కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, నన్ను బయటికి పంపించి, ఆ పేపరు లింకు మళ్ళీ నాకే పంపిస్తివి గదే! 'మేడం, పేపరు వచ్చేసింది, సోమవారమే ఇంటర్వ్యూ, మీ ఆశీర్వాదం కావాల' అని. దాని పక్కన దండం పెట్టే బొమ్మ ఒగటి.

కూర్చో. కూర్చోమంటి గదా. తిరుపతి నుంచి రైల్లో నిలబడే వచ్చినావో ఏమో. బుష్రా! టీ పెట్టమ్మా, సుజన వచ్చింది. ఆ, మన సుజనే.

సూస్తివా? 'మన సుజన' అనేది ఈ ఇంట్లో అందరి నోటికీ అలవాటైపోయింది. మా తమ్ముడి కోడలు అది, నీకేమవుతుందని? అయినా నిన్ను అక్కా అంటాది. నీ పేపరు పని జరిగినన్నాళ్ళూ ఆదివారం వస్తే నీకని ఒగ ముద్ద ఎక్కువే వండింది పాపం.

ఎన్ని ఆదివారాలు కూర్చున్నాం మే ఈ బల్ల కాడ? నువ్వు లాప్‌టాప్ ముందర పెట్టుకొని, నేను ఎర్రపెన్ను పట్టుకొని. ఈ పత్రికోళ్ళకి ఇంటిపేరు ముందు రావాల, అసలు పేరు పొట్టిచేసి వెనక పెట్టాల. పుస్తకం పేరు వాలుగా, వ్యాసం పేరు నిలువుగా. ఏడాది ముందర కమానా, వెనకనా? పేజీల నంబర్ల మధ్య గీత పొట్టిదా, పొడుగుదా? రెండు కండ్లకీ ఆపరేషన్ చేయించుకున్న మనిషిని, చుక్క ఉండాదా లేదా అని కాయితాన్ని మొగానికి ఆనించుకొని సూస్తి. ఎందుకంట? నా పెన్షను పెరుగుతాదనా?

నీకు విసుగు. 'ఒక కమాతో ఏం మునిగిపోతుంది మేడం' అనేదానివి. అప్పుడు నేనేమన్నా? ఇంకొకరు కష్టపడి కనుక్కున్నది మనం తెచ్చుకుంటా ఉండాం సుజనా, పక్కింట్లో గుండిగ అడిగి తెచ్చుకున్నట్టు. అది ఎవురింటి గుండిగో నలుగురికీ చెప్పేది మర్యాద, ఆ పేరు సక్కంగా చెప్పేది ఇంకా మర్యాద. అన్నానా, లేదా? నువ్వు తలూపినావా, లేదా?

నా పేరు కాడికి వచ్చేటప్పటికి ఎంత నవ్వుకున్నాం! నువ్వు 'బేగం, ఎం.' అని కొట్టినావు. బేగం మా ఇంటిపేరు కాదు మే, అట్ల రాస్తే మా వీధిలో సగం మంది ఆడోళ్ళు 'ఆ పేపరు మాదే' అని వచ్చేస్తారు అంటి. ఇద్దరమూ పడీపడీ నవ్వితిమి. పత్రికోళ్ళు అట్లనే రాయమన్నారు మేడం, ఏం చేసేది అన్నావు. సరేలే, బేగమైతే బేగం, ఉంటే చాలు అన్నా.

ఉంటే చాలు అన్నా సుజనా. అంతకు మించి నేనేం అడగలేదు.

నా బతుకులో నేను రాసింది ఒగటే పేపరు. నీకు తెలియంది కాదు. ఈ చిత్తూరు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంటి గానీ, రాసేదానికి యాడ తీరిక? ఎప్పుడో జిల్లా చరిత్ర సదస్సు జరిగితే, ధైర్యం చేసి, కళాయి పని మీద రాసి చదివినా. హాల్లో వినే మనుషుల కన్నా ఫ్యాన్లే ఎక్కువ చప్పుడు చేసినాయి. 'భోజనాల వేళ అయింది, బిరీన ముగించండమ్మా' అన్నాడు అధ్యక్షుడు. తర్వాత వాళ్ళు ఒగ సంచిక వేసినారు, తెలుగులో. అది ఇప్పుడు యాడా దొరకదు. ఒగటి నా కాడ ఉండాది, ఇంకొగటి మా కాలేజీ లైబ్రరీలో చెదలు తింటా ఉండాది.

అందులో నేను రాసిందేంది? కళాయి అంటే మగోళ్ళ పని అంటారు అందరూ. నిజమే, కొలిమి ముందర కూర్చొని, తిత్తి ఊది, ఎర్రగా కాలిన పాత్ర లోపల తగరం పూసేది మగోళ్ళే. మా నాయన చేసిన పని అదే. అయితే ఆ పాత్రలు ఇండ్లలో నుంచి బయటికి వచ్చేదెట్ల? పరాయి మగోడు పోయి పెరట్లో నిలబడి అడిగితే ఏ ఇంటి ఆడది తన వంటింటి సామాను ఇస్తాది?

మా అమ్మ దస్తగిరమ్మ పోయేది. పోయి, గడప కాడ కూర్చొని, ఎవురింట్లో పెండ్లి వస్తా ఉండాదో, ఎవురింట్లో పురుడో మెల్లిగా కనుక్కొని, ఇత్తడి అండాలు నెత్తికెత్తుకొని వచ్చేది. చింతపండూ ఇసకా వేసి తోమేది ఆమె. పూత అయినాక ఎవురివి వాళ్ళకి తిరిగిచ్చేదీ ఆమె. మా వాళ్ళలో కళాయి పని చేసే ప్రతి ఇంట్లోనూ ఒగ ఆడది ఇట్ల తిరిగేది. ఆమె కాలికి ముల్లు గుచ్చుకొని ఇంట్లో కూర్చుంటే కొలిమి ఆరిపోయేది. ఇంత చేసినా సర్కారు లెక్కల్లో కళాయి మేస్త్రీలంటే మగోళ్ళే. ఆడోళ్ళ కాడ సున్నా పెట్టినారు.

ఆ సున్నా తప్పు అని రాసినా. ఇండ్లిండ్లూ తిరిగి, ముసలోళ్ళని అడిగి, పేర్లతో సహా రాసినా. నేను చేసింది అంతే, దాన్ని ఎవురూ చదవలేదు. చదవరని నేనూ ఎప్పుడో తీర్మానం చేసుకొని గమ్మునైపోయినా.

అట్లాంటి దాన్ని, నువ్వొచ్చి 'మేడం, క్లాసులో చెప్పినారే కళాయి పేపరు, అది ఒకసారి ఇస్తారా' అంటివి. నాకు ప్రాణం లేచొచ్చింది సుజనా. ఇనప్పెట్టెలో నుంచి తీసి, దుమ్ము దులిపి, నా కొంగుతో తుడిచి ఇచ్చినా. 'నా పేపర్లో మూడు చోట్ల మీదే రెఫరెన్సు మేడం' అన్నావు. ఆ సాయంత్రమే గ్రీంస్‌పేటకి పోయి చంద్రకాంతమ్మకి చెప్పినా. ఆమె నాతోపాటే రిటైరైన తెలుగు మేడం, నీకూ పాఠం చెప్పింది గదా. 'మనం రాసింది గూడా ఒకరికి పనికొచ్చింది మెహరాజూ' అని నాకన్నా ఆమే ఎక్కువ మురిసిపోయింది.

శుక్రవారం నీ లింకు వచ్చింది. తెరిచినా. నేను నీ పేపరు మొదటి పేజీ సూడలేదు, నీ పేరు గూడా సూడలేదు, అల్లా సాచ్చిగా. వేలు పెట్టి గబగబా కిందికి తోసుకుంటా పోయినా. పదైదు, పదహారు. పదిహేడులో ఎవురో ఉండారు.

ఫోను సరిగ్గా సూపించలేదేమో అనుకున్నా. కండ్లజోడు తుడుచుకొని మళ్ళీ సూసినా. బేగం కింద కాకుండా యాడన్నా మెహరాజ్ అని పెట్టినావేమో, నా సుజన మంచిది, నా మాట గుర్తుపెట్టుకొని మార్చిందేమో అని నలభై దాకా ఎతికినా. పిచ్చిదాన్ని. మొత్తం పట్టీ కమాకి కమా నేను దిద్దినట్టే ఉండాది, నేను తప్ప.

అప్పుడు పైకి పోయి నీ రాత చదివినా. నా వాక్యం నా వాక్యం మాదిరే ఉండాది గదే! 'పాత్రలు సేకరించేదీ, శుభ్రం చేసేదీ, తిరిగి అప్పగించేదీ స్త్రీలే.' నా తెలుగుని నువ్వు ఇంగ్లీషులో పెట్టినావు, అంతే తేడా. దాని పక్కన బ్రాకెట్లో పదిహేడు. ఇంకో పేజీలో ఇంకోసారి, ఆఖర్న ఇంకోసారి, అన్ని చోట్లా పదిహేడే. మాట నాది, పేరు ఆయనది.

ఆయన పేపరు గూడా దించుకొని చదివినా. నాకంటే పనిలేనోళ్ళు ఎవురుంటారు? స్టీలు ధరలు, టోకు దుకాణాలు, గోడౌన్లు. చిత్తూరు లేదు, కళాయి లేదు, ఆడది అనే మాటే లేదు. రేపు ఎవురో ఒగ పిల్ల నీ పేపరు చదివి, ఈ ఆడోళ్ళ సంగతి అసలు రాసిందెవురో సూద్దామని పోతే, నేరుగా పోయి స్టీలు గోడౌన్లో పడతాది.

ఏందీ? గట్టిగా చెప్పు, ఎదురుగ్గా ఉండేదాన్నే గదా.

ఊ. పత్రిక తరపున పేపరు సరిచూసే ఆయన ఎవురో తన స్టీలు పేపరు గూడా చేర్చమన్నాడు. చేర్చు. వొద్దన్నానా? నలభైకి మించకూడదని పత్రికోళ్ళ రూలు. తెలుసు, ఆ రూలు నేనే గదా నీకు చదివి వినిపించింది. ఒగటి తీయాల. మీ గైడు బాలచంద్ర సారు 'ఆ పాత సదస్సు సంచిక తీసెయ్ అమ్మా, నెట్‌లో యాడా కనపడదు, దానికి విలువ లేదు' అన్నాడు. అననీలే. ఆయనకి నేనెవురో తెలీదు, మా అమ్మెవురో తెలీదు. ఆయన్ని నేనెందుకు తిట్టేది?

నిన్ను అడుగుతా ఉండా. నా పేరు తీసినప్పుడు నా వాక్యాలు గూడా తీయాల గదా? ఎందుకు తీయలేదు? తీస్తే నీ పేపర్లో ఏం మిగుల్తాది, సర్కారు లెక్కలూ, నీ పటాలూ తప్ప? సరే, ఉంచుకున్నావు. ఉంచుకున్నదానివి ఆ స్టీలు ఆయన్ని ఆఖర్న యాడో ఒగ మూల పెట్టుకోరాదా? సరిగ్గా పదిహేడులోనే, నా జాగాలోనే ఎందుకు కూర్చోబెట్టినావు?

ఆ? ఏమన్నావు?

నంబర్లు మారిపోతాయనా?

ఉండుండు. నాకు సక్కంగా అర్థం కానీ. నంబర్లన్నీ నువ్వు చేత్తో కొట్టుకున్నవి. పదిహేడు తీసేస్తే పద్దెనిమిది పదిహేడవుతాది, అట్ల కిందిదాకా పట్టీలోనూ మార్చాల, లోపల రాతలోనూ మార్చాల. అది ఆఖరి రోజు. అందుకని ఖాళీ అయిన గుంటలో ఆయన్ని పూడ్చేసి, పైన ఒగ్గ నంబరూ ముట్టుకోకుండా పంపించేసినావు.

అంతేనా? ఇంకేం లేదా?

ఓయమ్మా, నేనింకా ఏదో పెద్ద కుట్ర అనుకుంటినే! నా మీద నీకేదో లోపల కోపముందేమో, తురక మేడం పేరు ఉంటే ఎవురన్నా ఏమన్నా అంటారని భయపడినావేమో, ఏమేమో అనుకుంటిని. శుక్రవారం నుంచి కుడిపక్కకి తిరిగితే ఒగ అనుమానం, ఎడమపక్కకి తిరిగితే ఇంకో అనుమానం. అవేవీ కాదా? బద్దకమా? ఒగ పూట పనికి?

నాకు ఫోన్ చేసుంటే నేనే కూర్చొని మార్చేదాన్ని గదే. 'మేడం, మీది తీసేయాలంట, నంబర్లు దిద్దిపెట్టండి' అని ఉంటే, రొవంత సేపు మొగం ముడుచుకునేదాన్ని. తర్వాత ఎర్రపెన్ను తీసుకొని, నా వాక్యాలు కొట్టేసి, నా పేరు కొట్టేసి, వరసగా ఒగ్గ తప్పు లేకుండా దిద్ది నీ చేతికిచ్చేదాన్ని. ఒట్టు.

'మీరైతే ఏమనుకోరులే అనుకున్నాను మేడం.'

ఆ, వచ్చింది బయటికి. అదీ అసలు మాట. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు. నేనూ అదే నమ్మకం మీద కడబంతిలో కూర్చుంటి. వడ్డించే దానివి నువ్వే వచ్చి నా ముందర ఆకు లాగేస్తివి! దావన పోయే పెద్దమనిషి ఎవురో నాకూ ఒగాకు వేయమంటే, నన్ను లేపి వేస్తివి. పరాయోళ్ళైతే అడుగుతారు, మనోళ్ళైతే సర్దుకుంటారు. నేను సర్దుకునే రకమని నీకెట్ల తెలిసింది? నేనే నేర్పించినానేమోలే.

ఇంగ అన్నిటినీ మించింది ఒగటుండాది, నీ పేపర్లోనే. చదవమంటావా? నాకు కంఠతా వచ్చేసింది. 'ఆధారాల పట్టికను పద్ధతి ప్రకారం అమర్చడంలో సహాయపడిన శ్రీమతి మెహరాజ్ బేగం గారికి కృతజ్ఞతలు.'

ప్రేమగానే రాసినావు. నాకు తెలుసు. నాకు అదే ఇంకా మంట. కమాలు పెట్టించినందుకు థాంక్సు! రాసినందుకు లేదు, కనుక్కున్నందుకు లేదు. మా అమ్మనీ ఇట్లనే అనేవోళ్ళు. 'ఆమేం చేస్తాది, గిన్నెలు మోసకొచ్చే ఆడది' అని. మా నాయన గూడా అనేవోడు. ఆ మాట కడుపులో పెట్టుకొనే గదా నేను ఆ పేపరు రాసింది! ఇన్నేండ్లకి అదే మాట నువ్వు నాకు అచ్చువేయించి ఇస్తివి.

చంద్రకాంతమ్మ శుక్రవారం నుంచి ఫోను మీద ఫోను. 'ఏదీ, నీ పేరుండే పేజీ చూపించు' అని. నా ఫోన్లో ఆ లింకు తెరుచుకోలేదు అని అబద్ధం చెప్పినా. ఈ వయసులో.

ఏందే గొణుక్కుంటా ఉండావు? మళ్ళీ అను.

'రెఫరెన్సులు ఎవరు చదువుతారు మేడం?'

అబ్బబ్బా! నేను చదువుతా. నేను ముందు చదివేదే అది. ఎవురు ఎవురి పేరు చెప్పుకున్నారు, ఎవురిని మింగేసినారు, అంతా ఆడనే ఉంటాది. నిన్ను అన్ని ఆదివారాలు కూర్చోబెట్టి నేను నేర్పించింది కమాలనుకున్నావా?

ఏడవొద్దు. కండ్లు తుడుచుకో, బుష్రా టీ తెస్తా ఉండాది, ఏమన్నా అనుకుంటాది. నీ కష్టం నాకు తెలియదా? నాయుడుపేటలో గెస్టు లెక్చరర్‌గా చేస్తా, పొద్దున్నే బస్సు పట్టుకొని, రాత్రికి ఇల్లు చేరి, సెలవుల్లో జీతం లేకుండా. రేపటి ఇంటర్వ్యూలో ఈ పేపరే నీకు ఆధారమని నాకు తెలుసు. పర్మనెంటు పోస్టు మళ్ళీ ఎప్పుడు పడతాదో దేవుడికే ఎరుక. అవన్నీ తెలిసే మాట్లాడతా ఉండా.

ఇంటర్వ్యూ అయినాక పత్రికోళ్ళకి నువ్వే రాస్తావా? సరి చేయిస్తావా? ఒద్దులే సుజనా, ఆ మాట చెప్పొద్దు. ఏరు దాటినాక తెప్ప తగలేసినోళ్ళని నిండా సూసినా గానీ, మళ్ళీ వెనక్కొచ్చి తెప్ప కట్టినోళ్ళని ఇంతవరకు ఒగర్ని గూడా సూడలేదు. ఉద్యోగం వచ్చినాక నీకు ఇంకో పని ఉంటాది, దాని తర్వాత ఇంకోటి. నేను పోయినాక నా ఫోటోకి దండేసి, మా మేడం గొప్పది అని నాలుగు మాటలు చెప్తావు.

ఇంకో సంగతి ఉండాది. అది చెప్పకుండా నిన్ను పంపించలేను.

నిన్న పొద్దుగూకేదాకా కూర్చొని పత్రికోళ్ళకి ఒగ మెయిలు రాసినా. బుష్రా టైపు చేసింది. నిన్ను దొంగ అనలేదు, ఒగ్గ చెడ్డమాట రాయలేదు. ఈ మూడు వాక్యాలకి ఆధారం ఆ పదిహేడు కాదు, ఇదీ అసలు ఆధారం అని, నా పేపరు ఫోటోలు తీసి జతచేసినా. పంపించలేదు. సుజన రానీ, మొగం సూసి మాట్లాడుదాం అని ఆపి పెట్టుకున్నా.

ఈ పొద్దు నువ్వు పాకాల నుంచి ఫోన్ చేస్తివి గదా, రైలు ఆగింది మేడం, ఇంగ వచ్చేస్తా అని? అప్పుడు ఆ మెయిలు తెరిచి ముందర పెట్టుకొనే ఉంటి. నువ్వు ఒగ్గ మాట అంటావేమో అని కాచుకోనుంటి. 'మేడం, ఒక తప్పు జరిగింది' అంటే చాలు. అంతకన్నా ఏమొద్దు, సగం మాట అన్నా చాలు. నువ్వు ఏమన్నావు? 'మీకు ఇష్టమని కోవా తెస్తా ఉండా మేడం' అన్నావు. నవ్వుతా అన్నావు.

ఫోను పెట్టేసి పంపించేసినా.

ఆ, నిజమే. పంపించేసినా. నువ్వు గేటు తీసే చప్పుడు వినిపిస్తే, వెనక్కి తెప్పించుకునే దావ ఏమన్నా ఉండాదా అని బుష్రాని అడిగినా. లేదంట అత్తా, పోయింది పోయినట్టే అనింది.

నా మొగం సూడొద్దు. వాళ్ళు ఆ ఒగ్గ నంబరు దిద్ది ఊరుకుంటారో, నీ పేపరే తీసేస్తారో, నాకు తెలీదు. ఈ పొద్దు ఆదివారం, సూస్తారో లేదో గూడా తెలీదు. రేపు నీకు ఉద్యోగం రానూ వచ్చు, వచ్చినాక పత్రికోళ్ళ జవాబు రానూ వచ్చు. నిన్ను అడగాల్సింది అడిగినా, చేయాల్సింది చేసినా, మరి నా మనసు కుదుటపడాల గదా? పడలేదు.

చంద్రకాంతమ్మ నా స్నేహితురాలు, నా పేపరు చదవలేదు. మా తమ్ముడు చదవలేదు. ఆ సదస్సు అధ్యక్షుడు చదవలేదు, మీ బాలచంద్ర సారు చదవకుండానే విలువ లేదన్నాడు. మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా, కింద గీతలు గీసుకొని, మా అమ్మ పేరు కాడ నన్ను ఆపి 'ఈమె ఇంకా ఏమేం చెప్పేది మేడం' అని అడిగి అడిగి చదివింది ఈ లోకంలో నువ్వు ఒగతేవే సుజనా. నీ మీదే ఫిర్యాదు పెట్టినా.